బండలకు జ్వరం లేదు

ఎనభైల్లో కూడా తాండూరులోని భీమప్ప కార్ఖానాలో మొదటి రకం బండను ఎన్నేడీ మాలు అనేవారు. రెండో రకాన్ని ఫెయిర్ అనేవారు. మూడో రకానికి పేరు లేదు, దాన్ని చూసి తల పక్కకు తిప్పుకునేవారు. ఎన్నేడీ అంటే ఏమిటని కూలీలను అడిగితే బొంబాయి కంపెనీ పేరని కొందరు, పాలిష్ పొడి పేరని కొందరు చెప్పేవారు. నిజానికి అది ఖుద్దూస్ అనే మనిషి ఊపిరితిత్తుల గురించి ఒక డాక్టరు రాసిన మూడక్షరాల తీర్పు. ఊపిరితిత్తుల మీది అక్షరాలు బండల మీదికి ఎలా వచ్చాయో చెప్పాలంటే 1969 నుంచి మొదలుపెట్టాలి.

ఆ సంవత్సరం అనగానే అందరికీ తెలంగాణ ఉద్యమం గుర్తొస్తుంది. స్కూళ్ళు, కాలేజీలు మూతపడి పిల్లలు చదువు మానేసిన ఏడాది అది. సరిగ్గా ఆ ఏడాదే, తన ఇరవై ఆరో ఏట, ఖుద్దూస్ చదువు మొదలుపెట్టాడు. అతని విద్యాలయం వికారాబాద్ పక్కన అనంతగిరి కొండ మీది క్షయ ఆసుపత్రి. అందులో చేరడానికి కావలసిన అర్హతలు రెండు: నెల దాటిన దగ్గు, రుమాలు మీద రక్తపు చుక్క. రెండింట్లోనూ అతను ఫస్టు క్లాసు.

అంతకుముందు తొమ్మిదేళ్ళు అతను భీమప్ప దగ్గర ఉలి, సుత్తె పట్టుకుని బండల అంచులు చెక్కాడు. చెక్కే ప్రతి దెబ్బకూ సన్నటి దుమ్ము లేచేది. అందులో సగం గాలిలో కలిసేది, సగం చెక్కేవాడిలో కలిసేది. చదువు విషయానికొస్తే, ఉర్దూ మీడియంలో నాలుగో తరగతి వరకూ వెళ్ళి, ఐదో తరగతి తలుపు చూసి తిరిగొచ్చాడు.

కొండ మీద వైద్యం చాలా తేలిక. రోజూ ఒక సూది, గుప్పెడు మాత్రలు, తక్కిన సమయమంతా పడుకోవడం. పదకొండు నెలలు పడుకోవాలన్నారు. మంచం కాళ్ళ దగ్గర కేసు షీటు వేలాడుతుండేది. డాక్టరు వచ్చి అందులో రోజూ ఏదో గీకి పోయేవాడు. తన గురించి ఊరివాళ్ళు చాటుగా ఏమనుకున్నా ఖుద్దూస్ పట్టించుకునే రకం కాదు గానీ, కాళ్ళ దగ్గరే నిలబడి, తెలియని భాషలో, రోజూ రాతపూర్వకంగా అనుకోవడం అతనికి నచ్చలేదు. ఒకరోజు లేచి ఆ షీటు చేతిలోకి తీసుకున్నాడు. ఉర్దూ అలవాటు కొద్దీ కుడి నుంచి ఎడమకు అక్షరాల మీద వేలు నడిపిస్తుంటే మార్త సిస్టర్ చూసింది.

మార్త పరిగి వైపు మనిషి. నలభై దాటిన నర్సు. రోగులందరినీ, వాళ్ళు పటేళ్ళయినా పాలేర్లయినా, ఒకే గొంతుతో గదమాయించేది.

“ఏం చదువుతున్నవ్ ఖుద్దూస్?”

“నా జాతకం, సిస్టరమ్మా. ఏం రాసిన్రో జర చెప్పు.”

“ఇంగ్లీష్ల ఉన్నది. నీకెందుకది?”

“పదకొండు నెలలు పండుకోమన్నరు. అది గూడ రాకుంటె పండుకుని ఏం చేయాలె?”

సిస్టర్‌కు ఈ వాదనలో తప్పు దొరకలేదు. ఆ రోజు నుంచి ఇంగ్లీషు మాటలను కూడా మాత్రల లెక్కనే ఇచ్చింది: పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఒకటి, తిన్న తరువాత. పారేసిన టెంపరేచర్ చార్టులను వెనక్కి తిప్పి, దారంతో కుట్టి, ఖుద్దూస్ ఒక పుస్తకం చేసుకున్నాడు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఉర్దూ లిపిలో దాని అర్థం. ఆదివారాలు సిస్టర్ చర్చికి పోయేది కాబట్టి భాషకు సెలవు.

కొండ దిగేనాటికి ఆ పుస్తకంలో పద్నాలుగు వందల పన్నెండు మాటలు చేరాయి. ఏ కాలేజీ కుర్రాడికీ రాని మాటలు. కఫాన్ని ఏమంటారో, కఫంలో రక్తం పడడాన్ని ఏమంటారో, సాయంత్రం పూట వచ్చే జ్వరాన్ని ఏమంటారో, ఏ జ్వరమూ లేకపోవడాన్ని ఏమంటారో అతనికి తెలుసు. దాన్ని అఫెబ్రైల్ అంటారు. కానీ ‘అంగడి’, ‘పెండ్లి’, ‘మేకపిల్ల’ అనే మాటలకు ఇంగ్లీషు ఏమిటో తెలియదు. మేకపిల్లకు క్షయ వస్తే తప్ప తెలిసే అవకాశమూ లేదు. మొత్తంమీద ఆరోగ్యంగా ఉన్న మనిషి పలకదగిన మాటలు ఆ పుస్తకంలో ఇరవై కూడా ఉండవు.

భార్య వజీరాబీ ప్రతి శుక్రవారం తాండూరు నుంచి రైల్లో వచ్చి, కాలినడకన కొండెక్కి, టిఫిన్ డబ్బా తెచ్చేది. ఏం వండావని ఇతను అడగడం, రోజూ వండేదే అని ఆమె అనడం ఆనవాయితీ. రోజూ వండేది కందిపప్పు. కందులు పండే నేల మీద పుట్టినందుకు అది తప్పించుకోలేని శిక్ష. ఒకసారి ఖుద్దూస్ ఆమెకు చెప్పాడు: నిన్నటి మందులే ఇవ్వాళా ఇవ్వమనడానికి డాక్టరు షీటు మీద ‘రిపీట్ ఆల్’ అని రాస్తాడని, పెద్దవాళ్ళు అలా రెండు ముక్కల్లో తేల్చేస్తారని. వజీరాబీకి ఆ మాట నచ్చింది. భర్త పద్నాలుగు వందల మాటలు నేర్చుకుంటే ఆమె ఒక్కటే నేర్చుకుంది, కానీ తరువాత ఆమెదే ఎక్కువ వాడకంలోకి వచ్చింది.

“క్యా పకాయే?”

“రిపీటాల్.”

వెళ్ళిపోయే రోజు డాక్టరు ఇచ్చిన చీటీ మీద రెండే ముక్కలున్నాయి. మొదటిది ఎన్.ఏ.డి. అంటే ఎంత వెతికినా చెడు ఏమీ కనబడలేదని. రెండోది ‘అవాయిడ్ డస్ట్’. దుమ్ము దగ్గరికి పోవద్దని. మార్త సిస్టర్ ఆ రెండో ముక్క కింద వేలితో గీత గీసి, “ఆఖరి మాట గిది,” అంది. “గిది మరిచినవనుకో, తతిమావన్నీ మళ్ల మొదటి సంది నేర్వాలె. గిదే మంచం మీద.”

ఖుద్దూస్ ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని తాండూరులో దిగాడు. ఊరంతా దుమ్మే. ఊరి బతుకే దుమ్ము. అతనికి వచ్చిన పని ఒక్కటే, అందులోనూ దుమ్మే.

భీమప్ప గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. బషీరాబాద్ నుంచి వచ్చి తాండూరులో బండల గని, కార్ఖానా పెట్టిన మనిషి. మామూలుగా తెలుగు, కోపం వస్తే కన్నడం మాట్లాడేవాడు. ఇంగ్లీషు ముక్క నోట్లోకి రానివ్వనని ఆయనకు ఒక పట్టుదల. లారీని బండి అనేవాడు, రైలును బండి అనేవాడు, ఎడ్ల బండిని ఎలాగూ బండే అనాలి. అమ్మేది బండ. ఆయనతో బేరం చేసేవాళ్ళు చెవులు నిక్కబొడుచుకుని వినాల్సి వచ్చేది.

ఖుద్దూస్ వెళ్ళేసరికి ఆయన ముందు మద్రాసు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి పడి ఉంది. ఇంగ్లీషు ఉత్తరాలు చదవడానికి ఒక బడిపంతులు ఉండేవాడు గానీ, ఆయన ఒక్కో ఉత్తరానికి మూడేసి రోజులు తీసుకుని, చివరికి “ఏదో మర్యాదగానే రాశారు” అని చెప్పేవాడు. ఖుద్దూస్ ఆ కాయితం అడిగి తీసుకున్నాడు. మూడో వంతు అర్థమైంది. తక్కినది డాక్టర్ల పద్ధతిలో లక్షణాలను బట్టి ఊహించాడు. పోయినసారి పంపిన బండల్లో ఒకదానికి మూల విరిగిందని ఫిర్యాదు. అదే చెప్పాడు. జవాబు కూడా తనే రాస్తానన్నాడు. భీమప్ప అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచి, కిటికీ మూయించి, ఒక కుర్చీ చూపించాడు. ఆ గదికి తలుపుంది. తలుపు మూస్తే దుమ్ము రాదు. ఖుద్దూస్ ఆ కుర్చీలో కూర్చున్న తీరు చూస్తే తహసీల్దారు కూడా అంత ఇష్టంగా కూర్చుని ఉండడనిపించేది.

ఆనాటి మొదటి ఉత్తరం సారాంశం ఇది. మీరు చెప్పిన బండను పరీక్షించాము. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో కేవిటీ ఉన్నట్టు తేలింది. దాన్ని తక్కినవాటి నుంచి వేరుచేసి ఐసొలేషన్‌లో ఉంచగలరు. మిగతా నూట పంతొమ్మిది బండల జనరల్ కండిషన్ ఫెయిర్. అన్నీ అఫెబ్రైల్. కొత్త కంప్లైంట్స్ లేవు.

మద్రాసు వ్యాపారి దీన్ని చదివి ఏమనుకున్నాడో తెలియదు. తాండూరు రాతి పరిభాష అలా ఉంటుందని గౌరవంగా ఊరుకున్నాడేమో. ఆ తరువాతి ఉత్తరాల్లో ఏ లోపమూ లేని బండలను ఖుద్దూస్ ఎన్.ఏ.డి. అని, ఓ మాదిరివాటిని ఫెయిర్ అని రాస్తూ వచ్చాడు. మూడు నెలలకు ఆ వ్యాపారి దగ్గరి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది: ఇకమీదట మాకు ఎన్.ఏ.డి. రకం మాత్రమే పంపగలరు. భీమప్ప ఆ రోజే ఆ మాటను సున్నంతో బండల దొంతుల మీద రాయించాడు. అక్షరాలే కాబట్టి తన పట్టుదలకు భంగం కాదనుకున్నాడు.

ఆరేళ్ళు ఇలా గడిచాయి. వజీరాబీ మధ్యాహ్నం డబ్బా తెచ్చేది. ఏం తెచ్చావమ్మా అని ఎవరడిగినా ఆమె జవాబు ఒకటే కాబట్టి అది కార్ఖానా అంతా పాకింది. ఇవాళ ఏం పనని మేస్త్రీని అడిగితే రిపీటాల్ అనేవాడు. కూలీ పెంచుతారా అని భీమప్పను అడిగితే ఆయన ఏమీ అనేవాడు కాదు, కూలీలే ఆయన తరఫున రిపీటాల్ అనుకుని వెళ్ళిపోయేవారు.

1976లో భీమప్ప ఒక టైపు మిషను కొన్నాడు. దాన్ని కొట్టడానికి వికారాబాద్ నుంచి రాజేందర్ వచ్చాడు. బీకామ్ పాసైన కుర్రాడు, ఇంగ్లీషు సరిగ్గానే తెలిసినవాడు. ఈ కార్ఖానాలో అది కొత్త రోగం. మొదటి ఉత్తరం టైపు చేస్తూనే ఆగిపోయాడు.

“భాయ్, బండకు ఊపిరితిత్తులు ఎక్కడియి?”

“నీకు కనవడవు. చదువుకున్నోడివి గద,” అన్నాడు ఖుద్దూస్.

రాజేందర్ ఆ రోజు నుంచి ఉన్నదున్నట్టు కొట్టి, కార్బన్ కాపీలు ఇంటికి పట్టుకుపోయి, స్నేహితులకు చదివి వినిపించేవాడు. వికారాబాద్ స్టేషను దగ్గరి హోటల్లో ఖుద్దూస్‌కు తెలియకుండానే అతనికి చాలామంది అభిమానులు తయారయ్యారు.

ఆ ఏడాది చలికాలంలో మద్రాసులో ఒక కల్యాణమండపానికి రెండు వ్యాగన్ల బండలు కావలసి వచ్చాయి. పదిహేనో తారీఖుకు గడువు, ఆ వెంటనే అందులో ఒక పెళ్ళి. రైల్వేవాళ్ళ దగ్గర వ్యాగన్లకు పెద్ద వరుస. భీమప్ప గట్టిగా ఒక అర్జీ రాయమన్నాడు. ఖుద్దూస్ తన పుస్తకం ముందు పెట్టుకుని, అందులో అన్నిటికంటే గట్టి మాటలు ఏరాడు. మా బండల పరిస్థితి క్రిటికల్‌గా ఉన్నది. వెంటనే అడ్మిట్ చేసుకోవలెను. ఆలస్యమైన యెడల పదిహేనో తారీఖున ఎక్స్‌పైర్ అగును.

గడువు తీరిపోతుందని అతని భావం. కానీ అవి ఎమర్జెన్సీ రోజులు, ఆఫీసుల్లో ఫైళ్ళు కూడా లేచి నడుస్తున్నాయి. ఎవరో గుమాస్తా ఆ అర్జీని చదివి, ఒణికి, పెరిషబుల్ సరుకుల జాబితాలో, అంటే తొందరగా చెడిపోయే అరటిపండ్లు, తమలపాకుల మధ్య, రెండు వ్యాగన్ల తాండూరు బండలు అని రాసేశాడు. ఆ జాబితా పైకి వెళ్ళింది. పైన ఒకాయన దాన్ని రెండుసార్లు చదివాడు. చనిపోయే రాళ్ళను చూసి రమ్మని ఒక ఇన్‌స్పెక్టరును పంపుతున్నట్టు టెలిగ్రాం వచ్చింది.

టెలిగ్రాం అర్థం రాజేందర్ చెప్పాడు. ఈసారి అర్జీ అర్థం కూడా చెప్పాడు, ఆరేళ్ళ కాపీల అర్థం కూడా చెప్పాడు. భీమప్ప మొదట కన్నడంలో చాలాసేపు మాట్లాడాడు. తరువాత తెలుగులోకి దిగి ఖుద్దూస్‌తో అన్నాడు: “రేపొచ్చేటాయన నవ్వి పోతె నువ్వు కుర్సీల కూసో. నవ్వకుంటె కుర్సీ గీ పిలగానిది. నీ ఉలి నీకు ఉండనే ఉన్నది.”

ఖుద్దూస్ జేబులో చీటీ ఉందో లేదో తడుముకున్నాడు. ఇంట్లో చెబితే వజీరాబీ అరవలేదు, ఏడవలేదు. ఆ కొండ మళ్ళీ ఎక్కే ఓపిక తనకు లేదని, ఉలి పట్టుకునేటట్టయితే ఈసారి డబ్బా కూడా అతనే వండుకుని పట్టుకుపోవాలని చెప్పి పప్పుకు పోపు పెట్టింది.

ఇన్‌స్పెక్టరు మరునాడు పొద్దుటి రైల్లో దిగాడు. కోస్తా మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎవరి మీదా నమ్మకం లేని ముఖంతో ఉన్నాడు. టీ వద్దన్నాడు, సోడా వద్దన్నాడు. నేరుగా దొంతుల దగ్గరికి వెళ్ళి ఒక బండను బూటుతో తట్టాడు.

“ఇవి ఎప్పుడు చస్తాయండీ?”

నవ్వలేదు. భీమప్ప కూడా నవ్వలేక, నవ్వకుండా ఉండలేక, పక్కనున్న రాజేందర్‌ను చూశాడు. ఈ అర్జీ రాసినవాణ్ణి పిలవండి అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన నిలబడింది అంచులు చెక్కే పందిరి పక్కనే. ఇరవై ఉలులు ఒకేసారి పనిచేస్తున్నాయి. ఖుద్దూస్ ఆరేళ్ళుగా ఆ పందిరి దిక్కు వెళ్ళలేదు. మూతికి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చాడు.

అప్పటికే ఇన్‌స్పెక్టరు దగ్గుతున్నాడు. దుమ్ము పడిందేమోనని అందరూ అనుకున్నారు. కానీ దగ్గు ఆగలేదు. ఖుద్దూస్ నాలుగడుగుల దూరంలో ఆగి, తల వంచి, పాత పాట ఎక్కడో వినబడ్డట్టు విన్నాడు. అర్జీ మరిచిపోయాడు, కుర్చీ మరిచిపోయాడు. తువ్వాలు లోపలి నుంచే ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి? పొడిదా, కఫం పడుతుందా? ఈవినింగ్ రైజ్ ఆఫ్ టెంపరేచర్ ఉన్నదా? లాస్ ఆఫ్ వెయిట్? ఎనీ హిమాప్టిసిస్?

చివరి మాట రాజేందర్‌కు కూడా తెలియదు. ఇన్‌స్పెక్టరుకూ తెలియదు గానీ, ముందు నాలుగూ తెలుసు. రుమాలు మడిచి జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

“రెండు నెలలయిందండీ,” అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి. “సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. ప్యాంటు వదులైంది. ఆ ఆఖరిదేంటి?”

“రక్తం పడుతున్నదా అని, సార్.”

“మొన్న ఒకసారి. చుక్క.” రుమాలును జేబులోకి తోసి, “మీరు డాక్టరా?” అన్నాడు.

“కాదు సార్. పేషెంటును.”

ఆరేళ్ళలో మొదటిసారి అతని మాటలన్నీ వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఇన్‌స్పెక్టరు ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు తనే మూశాడు. ఖుద్దూస్ మార్త సిస్టర్ పేర ఒక చీటీ రాసిచ్చాడు. రాజేందర్ దాన్ని టైపు చేస్తూ ఒక్క మాట కూడా దిద్దవలసింది లేదని గమనించి కొంచెం నిరాశపడ్డాడు. ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు. నవ్వకుండానే. సికిందరాబాద్ దాకా టికెట్టున్న మనిషి వికారాబాద్‌లో దిగిపోయాడని తరువాత తెలిసింది.

నవ్వకుండా పోయాడు కాబట్టి భీమప్ప ఇచ్చిన మాట ప్రకారం తీర్పు స్పష్టమే. అయినా ఆయన ఉలి ఇప్పించలేదు. రైల్వే నుంచి ఏం వస్తుందో చూద్దామన్నాడు. కుర్చీలో రాజేందర్ కూర్చున్నాడు, సగం మీదే. ఖుద్దూస్‌కు వరండాలో ఒక స్టూలు వేశారు. అక్కడికి దుమ్ము వస్తుందా అంటే వస్తుంది, గాలి వాటాన్ని బట్టి. తొమ్మిది రోజులు అతను తువ్వాలు చుట్టుకుని, గాలి ఎటు మళ్ళితే స్టూలు అటు నుంచి ఇటు జరుపుకుంటూ కూర్చున్నాడు. పదిహేనో తారీఖు దాటిపోయింది. బండలు ఎక్స్‌పైర్ కాలేదు. మద్రాసులో ఆ పెళ్ళేదో చాపల మీద జరిగిపోయింది. వధూవరులకు ఏ లోటూ జరిగినట్టు కబురు లేదు.

పదో రోజు ఒక కవరు వచ్చింది. అందులో రెండు కాయితాలు. రాజేందర్ భీమప్ప ముందు నిలబడి రెండూ చదివి తెలుగులో చెప్పాడు. మొదటిది ఆఫీసుది: బండలు పెరిషబుల్ సరుకు కాదు, వరుస ప్రకారం వచ్చే వారం వ్యాగన్లు ఇవ్వబడును, ఇకమీదట అర్జీల్లో ఆసుపత్రి భాష వాడరాదు. వరండాలో ఖుద్దూస్ తన పుస్తకం తెరిచి పద్నాలుగు వందల పదమూడో మాట రాసుకున్నాడు. పెరిషబుల్. దానికెదురుగా ఉర్దూలో: అరటిపండ్లు, తమలపాకులు, మనుషులు. బండలు కాదు.

రెండోది ఇన్‌స్పెక్టరు చేత్తో రాసిన కాయితం, కొండ మీది నుంచి తన ఆఫీసుకు పంపి ఇందులో పెట్టించింది. మంచాన పడుకుని రాసింది కాబట్టి అక్షరాలు వంకర్లు పోయాయి. తొందరగా వచ్చారు, బతికిపోయారు అని డాక్టరు గారు అన్నారట. ఇంకో సంగతి కూడా ఉంది. డాక్టరు గారు తనను అడిగిన మొదటి ఐదు ప్రశ్నలూ భీమప్ప గారి గుమాస్తా అడిగినవేనట, అదే వరుసలో. ప్రస్తుతం జనరల్ కండిషన్ ఫెయిర్.

భీమప్ప కిటికీ వైపు తిరిగాడు. పందిరి కింద ఇరవై ఉలులు మోగుతున్నాయి. వాటి మధ్య చంద్రప్ప అనే చెక్కుడు మనిషి దగ్గుతున్నాడు. అతను అలా దగ్గుతూ ఎన్నాళ్ళయిందో భీమప్పకు తెలియదు. ఇన్నాళ్ళూ అది కూడా పని చప్పుడే అనుకున్నాడు.

“ఖుద్దూస్,” అని కేకేశాడు. “గా చంద్రప్పను అడుగు.”

“ఏమని, సేట్?”

“గాయననేమడిగినవో అవ్వే.”

ఖుద్దూస్ తువ్వాలు సవరించుకుని లేచాడు. భీమప్ప చెయ్యెత్తి ఆపాడు. “నువ్వు దుమ్ములకు పోకు. లోపటికి రా. ఆణ్ణే ఈడికి పిలుస్త.”

రాజేందర్ అప్పటికే సగం కుర్చీ మీది నుంచి లేచి ఉన్నాడు. ఎక్కడ నిలబడాలో తెలియక, రేపటి నుంచి తన పనేమిటో, ఖుద్దూస్ భాయ్ పనేమిటో, ఉత్తరాలు ఎవరు రాయాలో, ఎవరు కొట్టాలో ఒక్కసారి తేల్చి చెప్పమని సేటును అడిగాడు.

భీమప్ప ఇద్దరినీ చూశాడు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన వజీరాబీని చూశాడు. జీవితంలో మొదటిసారీ చివరిసారీ, నోరు చేదు చేసుకున్నట్టు ముఖం పెట్టి, ఇంగ్లీషు మాట్లాడాడు.

“రిపీటాల్.”